మావయ్య వెయ్యని మార్కు

భోగాపురం వైపు నేను పనిచేసే అంతర్జాతీయ సిలబస్ బడిలో పెద్ద తరగతి పిల్లలు తమకిష్టమైన విషయం ఒకటి తీసుకుని, నెలల తరబడి తిరిగి అడిగి చదివి, పరిశోధన వ్యాసం రాయాలి. వాళ్ల పక్కన ఉండి దారి చూపించడం నా పని. నిన్న ఒక అమ్మాయితో ఆఖరి ముఖాముఖి జరిగింది. విమానాశ్రయం కోసం ఊరు వదిలి కొత్త కాలనీకి మారినవాళ్ల మీద రాసింది. బాగా రాసింది కూడా. "నీకివన్నీ చెప్పిన ముసలావిడకి ఇది చదివి వినిపించావా?" అని అడిగాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసి, "అది క్రైటీరియాలో లేదు కదా మేడమ్! వినిపిస్తే మార్కులు కలుస్తాయా?" అంది. కలవవన్నాను. "మరెందుకు మేడమ్?" అంది. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను; ఆ మాటతో మా పెద్దమావయ్య కళ్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

ఇప్పటి మార్కుల పద్ధతిని తప్పు పట్టను. ప్రశ్న సూటిగా ఉందా, పద్ధతి సరైనదేనా, విషయం తెలుసా, సొంతంగా ఆలోచించిందా, ఈ పనిలో తనేం గ్రహించింది, ఇలా ఒక్కోదానికీ ఒక్కో గడి. నేను వేసేది అంచనా గ్రేడు మాత్రమే. అసలు మార్కు ఏ దేశంలోనో కూర్చున్న మనిషి, ఈ పిల్ల మొహం ఎరగకుండా వేస్తారు. మొహం ఎరగకపోవడమే న్యాయం అంటారు. అయ్యుండొచ్చు. మా మావయ్య న్యాయం మాత్రం దీనికి పూర్తిగా తలకిందులుగా ఉండేది.

మావయ్య వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక హైస్కూల్లో సోషల్ మేస్టారు. మా ఊళ్లో పెద్ద బడి లేక నేను వాళ్లింట్లో ఉండి చదువుకున్నాను. పదో తరగతి పిల్లలందరికీ ఆయన ఒక పెద్ద వ్యాసం పెట్టేవాడు. పుస్తకంలో దొరికేది రాయకూడదు, ఎవరినైనా అడిగి తెలుసుకుని రాయాలి. రాశాక దిద్దడం ఇంటి అరుగు మీద. ఎవరు చెప్పగా రాశామో వాళ్లని పిలుచుకొచ్చి, వాళ్లెదుట పైకి చదవాలి. ఆయన తన చెక్క కుర్చీలో కళ్లు మూసుకుని వినేవాడు. చెప్పినవాళ్లు అవునంటేనే మార్కు. ఆ రోజుల్లో మా అరుగు సంతలా ఉండేది. బెల్లం వండడం గురించి రాసినవాడి తాత, మధ్యలో లేచి, "ఒరే, నానెప్పుడన్నాన్రా అలగ? పాకం ముదిరిపోతే బెల్లవేటి, బండరాయవుతాది!" అని కర్ర ఎత్తాడు. ఇంకొకడి మేనత్త మాత్రం తన మాటలు కాగితం మీంచి వినబడేసరికి ఏడ్చేసి, "ఎన్నుంటే అన్నీ ఏసీండి మేస్టారూ" అంది. మా అత్త అందరికీ మజ్జిగ పోయలేక విసుక్కునేది.

నేను మా జాలరిపేట స్నేహితురాలి నాన్న దగ్గర కూర్చుని, నడి సముద్రంలో దారి ఎలా తెలుస్తుందో అడిగి రాశాను. ఒడ్డు మీది కొండనీ తాటితోపునీ ఒక వరసలోకి తెచ్చుకుని చూసుకోవడం, నీటి రంగు, గాలి వాసన, ఎంతో ఓపిగ్గా చెప్పాడాయన. మావయ్య మెచ్చుకోవాలని నా ప్రాణం కొట్టుకునేది. ఇంట్లో ఉన్న మేనకోడలినని ఆయన నాకెప్పుడూ ఒక్క మార్కు ఎక్కువ వేసి ఎరగడు మరి. తీరా నా వంతు వచ్చేసరికి స్నేహితురాలి నాన్న వేటకని ఒడిశా వైపు పారాదీప్ వెళ్లిపోయాడు. నేను గుక్కపట్టి ఏడిచాను. అత్తకి జాలేసింది. "పిల్ల ఏడస్తన్నాది. ఏదో ఒకటి ఏసీరాదేటి?" అంది. మావయ్య కదల్లేదు. "ఆడు ఇనకుండా నానెలగేస్తానే? ఆడి మాటలు గదా అవి. ఆడొచ్చాక సదువు అమ్మీ. ఆ రోజే ఏస్తాను" అన్నాడు. నాకెంత కోపమొచ్చిందంటే రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం రోజూ బడి నుంచి రాగానే, "పారాదీపు నుంచి ఎవులైనా వచ్చారేటే?" అని నన్నే అడిగేవాడు. ఆయనకీ వినాలని ఉందని అప్పుడు తెలిసి, కోపం పోయింది.

ఆ వానాకాలంలో మావయ్యకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి మనిషి తిరిగి రాలేదు.

పండగ వెళ్లాక స్నేహితురాలి నాన్న వచ్చాడు. కబురు విని, నేరుగా మా అరుగు దగ్గరికి వచ్చి, "సదువు పాపా. నానొచ్చాక సదవమన్నారంట గదా మేస్టారు" అన్నాడు. అత్త చాప పరిచింది. అలవాటు కొద్దీ లోపలి నుంచి ఆ చెక్క కుర్చీ కూడా తెచ్చి వేసింది. వేశాక గాని ఏం చేసిందో ఆవిడకి తెలియలేదు. తీయడానికి మనసు రాక అలాగే ఉంచేసింది. నేను చదివాను. ఆయన తల వంచుకుని విన్నాడు. ఒక్క చోట మాత్రం, "ఆ గాలి కాదమ్మా, దక్షిణం గాలి" అని దిద్దాడు. అయిపోయాక, "అంతా నాను సెప్పినట్టే ఉన్నాది" అని తలూపాడు. ఆ తలూపు కోసమే కదా మావయ్య అన్నాళ్లు ఆగింది! తర్వాత ఆయన మెల్లగా కుర్చీ వైపు చూసి, "మరి మార్కు ఎవులేస్తారు పాపా?" అన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ అమ్మాయి అంచనా గ్రేడు ఈ పొద్దున్నే వేసి పంపించాను. మంచి గ్రేడే. ఎన్ని వందల మంది పిల్లలకి వేశానో ఈ చేత్తో! జుట్టు తెల్లబడింది, నేను మావయ్య కన్నా పెద్దదాన్నయిపోయాను. అయినా ఏ పిల్లయినా "నాకెంత వస్తుంది మేడమ్?" అని అడిగినప్పుడల్లా కాలం నన్ను ఆ అరుగు మీదే కూర్చోబెడుతుంది. ఎదురుగా ఖాళీ కుర్చీ, ఒళ్లో కాగితాలు, నాకెంత వచ్చిందో నాకింకా తెలియదు.