సర్వర్ ఆపకుండా మార్చిన రోజు

నా మొదటి ఉద్యోగం పాతబస్తీలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. కంప్యూటర్ విభాగమంటే మెట్ల కింద చిన్న గది, ఒక సర్వర్, రెండు కుర్చీలు. ఒకదాంట్లో నేను, ఇంకోదాంట్లో ఆపా. నేను ఉప్పుగూడ నుంచి వెళ్లేదాన్ని, ఆమె హుస్సేనీ ఆలం నుంచి వచ్చేది. ఆపా అంటే అక్క. ఆసుపత్రిలో అందరూ అలాగే పిలిచేవారు. సొంత అక్క లేని నాకు ఆ పిలుపు తొందరగానే నోటికి అలవాటైంది.

మధ్యాహ్నం డబ్బాలు మార్చుకునేవాళ్లం. మా అమ్మ చేసిన సర్వపిండి ఆమెకు, ఆమె తెచ్చిన ఖట్టీ దాల్ నాకు. ఆ సర్వర్‌ను నడిపే లినక్స్ గురించి నాకు తెలిసిందంతా ఆ తిండి మధ్యలో నేర్చుకున్నదే.

ఒకరోజు పొద్దున, ఓపీ కిటకిటలాడుతున్న వేళ, అన్ని కౌంటర్లలోనూ స్క్రీన్లు నిలిచిపోయాయి. బ్లడ్ బ్యాంకు నర్సు పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆపరేషన్ థియేటర్లో ఒకామెకు కాన్పు కష్టమై రక్తం పోతోందట. ఆమెకు సరిపడే రక్తం వివరాలు సిస్టంలో ఉన్నాయి, తెరుచుకోవడం లేదు. వెనకే మేనేజర్ వచ్చాడు.

"ఏంది ఈ లొల్లి? రీస్టార్ట్ కొట్టుండ్రి!"

నా చెయ్యి అప్పటికే బటన్ దగ్గర ఉంది. ఆపా పట్టుకుని ఆపింది.

"నక్కో, వద్దు! ఇది బంద్ చేస్తే మళ్ల లేవనీకె ఎంతసేపు పడ్తదో యాదికి లేదా?"

ఉంది. కిందటిసారి డిస్కులన్నీ తనిఖీ చేసుకుని అది లేచేసరికి గంట దాటింది.

ఆపా స్క్రీన్ మీద ఎర్రర్ చదివింది. ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరిచి ఉంచవచ్చో కెర్నల్‌కు, అంటే మిషన్‌ను లోపలినుంచి నడిపే ప్రోగ్రాముకు, ఒక హద్దు ఉంటుంది. ఆ రోజు రద్దీకి ఆ హద్దు నిండిపోయింది. దాన్ని, మిషన్ నడుస్తుండగానే, ఒక్క కమాండుతో పెంచవచ్చు. కీబోర్డు నా వైపు జరిపింది.

"నువ్వే కొట్టు."

"తప్పు కొడితే ఏమైతది ఆపా?"

"మళ్ల పాత నంబరే పెడ్తం. ఫికర్ చెయ్యకు, నేనున్న గదా."

ఆమె చెప్పినట్టే కొట్టాను. ఎంటర్ నొక్కిన కాసేపటికే కౌంటర్ల నుంచి "వచ్చింది, వచ్చింది" అని కేకలు వినిపించాయి. నర్సు వెనక్కి పరుగెత్తింది. మేనేజర్ ఆమె వెనకే వెళ్లాడు. రేపెప్పుడైనా మిషన్ ఆగి లేస్తే ఈ మార్పు పోతుందని, అది లేచేటప్పుడు చదువుకునే కాన్ఫిగ్ ఫైల్లో కూడా రాసిపెట్టాలని ఆపా చెప్పింది. దగ్గరుండి రాయించింది.

సాయంత్రం ఇద్దరం ప్రసూతి వార్డుకు వెళ్లాం. తల్లి నిద్రపోతోంది. పక్కన ఆడపిల్ల, నిండా నల్లటి జుట్టు. గుమ్మం దగ్గరే నిలబడి చూశాం. ఆపా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంత సంతోషం ఆ ఉద్యోగంలో నాకు మళ్లీ దొరకలేదు.

తర్వాత ఆసుపత్రివాళ్లు కంప్యూటర్ల పనంతా బయటి కంపెనీకి ఇచ్చేశారు. ఆపా గుల్బర్గాలోని కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. చివరిరోజు చాలా మాట్లాడాలనుకున్నాను. ఇంతలో ఆటో వచ్చింది. కొన్నాళ్లు ఫోన్లు చేసుకున్నాం. పెళ్లి, పిల్లలు, కొత్త ఉద్యోగం, వాటి మధ్య ఆ ఫోన్లు ఎప్పుడు తగ్గాయో గమనించలేదు.

ఇప్పుడు ఉప్పుగూడలోని ఇంట్లోనే కూర్చుని పనిచేస్తున్నాను. ఈమధ్య ఒక సర్వర్ కొత్త కనెక్షన్లను తీసుకోకుండా మొరాయించింది. కాల్‌లో ఉన్నవాళ్లందరూ రీబూట్ అన్నారు. వద్దని, నడుస్తుండగానే కెర్నల్‌లో కనెక్షన్ల వరస పొడవు పెంచాను. కుదుటపడింది. అందరూ మెచ్చుకుని కాల్ కట్ చేశారు. గదిలో నేనొక్కదాన్నే మిగిలాను. ఈ సంగతి ఎవరికి చెప్పాలో నాకు తెలుసు. నంబరు కొట్టాను. వాడుకలో లేదని వచ్చింది.

ఆపా కబురు ఎవరికైనా తెలుస్తుందేమోనని ఆదివారం హుస్సేనీ ఆలం వెళ్లాను. పాత గల్లీయే, పాత తలుపే. తీసింది మాత్రం ఎవరో అమ్మాయి.

"మాకంటే ముందు ఎవరున్నరో తెల్వదక్కా. మస్తు ఎండల వచ్చినవ్, లోపలికి రా, నీళ్లన్న తాగు."

అప్పట్లో గుమ్మం దాకానే వచ్చేదాన్ని, ఆ ఇంట్లోకి నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి. నీళ్లు తాగాను. ఎవరైనా ఆపా కబురు చెబితే ఫోన్ చెయ్యమని నా నంబరు ఇచ్చి, నయాపూల్ దాకా నడిచి బస్సెక్కాను.

అప్పటినుంచి తెలియని నంబరు నుంచి ఫోన్ మోగితే, మీటింగులో ఉన్నా సరే, ఎత్తుతున్నాను.