గాలి సందుల మీద నా చదువు

అది మే నెల, మంగళవారం, మధ్యాహ్నం సరిగ్గా రెండున్నర. ఉదయగిరి టెలిఫోను ఎక్స్ఛేంజీలో బజరు మోగింది. ఆ రోజుల్లో మా ఊళ్లో ఫోను ఉన్న ఇల్లంటే వీధి చివరి నుంచే వేలు పెట్టి చూపించేవాళ్లు. కానీ ఆ ఫోన్లన్నీ వచ్చి చేరే ఇనుప బీరువా ఒకటి బస్టాండు వెనక అద్దె ఇంట్లో ఉండేదనీ, దానికి జబ్బు చేస్తే మనిషిలాగే మూలిగేదనీ చాలామందికి తెలియదు. నాకు తెలుసు. ఆ మూలుగు వినడానికే నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. ఇప్పుడు జేబులో ఫోను పెట్టుకుని తిరిగే పిల్లలకు ఇది చెబితే, "బీరువా మూలగడం ఏంది తాతా" అని నవ్వుతారు. నవ్వనీండి. ఆ రోజు నన్ను చూసి నవ్వినవాళ్లతో పోలిస్తే వీళ్లు మర్యాదస్తులు.

అంతకుముందు నేను కేబులు గుంటలు తవ్వే కూలీని. మర్రిపాడు రోడ్డు పక్క నేలలో గడ్డపార వేస్తే నేల దిగదు, మన భుజమే దిగుతుంది. ఎక్స్ఛేంజీ టెక్నీషియను (బ్యాటరీల గదిలోనే కునుకు తీసేవాడు కాబట్టి మేం 'బ్యాటరీ మామ' అనేవాళ్లం) కూతురి పురుడుందని సెలవు పెట్టి పోతే, ఆత్మకూరులో కాపురముండే జూనియర్ ఇంజినీరు, మా జేయీ గారు, నన్ను పిలిపించి బీరువా ముందు నిలబెట్టారు. ఆ గదిలోకి చెప్పులు వదిలి పోవాలి. దుమ్ము పడకూడదని ఆ నియమం. నేను మాత్రం ఆదివారం చర్చిలోకి పోయినట్టు తల కూడా వంచేవాణ్ణి.

"చూడబ్బాయ్. పచ్చ దీపం వెలగతా ఉంటే నిద్రపోయినా నేనేమీ అనను. పసుపు వెలిగితే లెయ్. ఎరుపు వెలిగితే ఊళ్లో సగం ఫోన్లు చచ్చినట్టే. బజరు మోగితే ఈ నల్ల బొత్తాం నొక్కు, మోత ఆగతాది. మోత ఆగింది గదా అని జబ్బు తగ్గిందనుకోబాక. ఏ దీపమో చూసి నాకు ఫోను చెయ్" అన్నారు జేయీ గారు. ఇంకా ఏవేవో చెప్పి, చివర్న గొంతు తగ్గించారు. "మంగళవారం నెల్లూరు నుంచి పెద్దసారు వస్తాడు. అన్నీ సక్రమంగా ఉంటే నిన్ను ఇక్కడే ఉంచమని అడగతా. లేదంటే నీ గడ్డపార నీకు ఉండనే ఉండాది."

ఒక పక్క ఫ్యాను కింద కుర్చీ, ఇంకో పక్క మర్రిపాడు బండనేల. నా బతుకు మొత్తం ఆ మూడు దీపాల మీద పడింది.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చి ఏడాది కూడా కాలేదు. సైకిలు కొత్తగా నేర్చినవాడు పనిలేకపోయినా ఊరంతా తిరిగినట్టు, నేను దొరికినదాని మీదల్లా రాసేవాణ్ణి. జేయీ గారు చెప్పినవి మరిచిపోతానేమోనన్న భయం ఒకటి, పెద్దసారు వచ్చి 'ఇంత చక్కగా రాసిందెవరయ్యా' అని అడుగుతాడన్న ఆశ ఒకటి. పాత క్యాలెండరు కాగితాలు చింపి, వాటి వెనక రాసి, దీపాల పక్కనల్లా అంటించాను. 'పచ్చ దీపము. సుఖము.' 'పసుపు దీపము. వేడి. లేవవలెను.' 'నల్ల బొత్తాము. నొక్కవలెను.' కుర్చీ మీద 'కుర్చీ' అని. (అది ఎందుకని నన్ను అడక్కండి.) జిగురుకు మా ఆవిడ గంజి కాచి ఇచ్చింది. "కుండ మీద కుండ అని రాస్తే దప్పిక తీరతాదా ఏందయ్యా" అని అడిగింది కూడా. చదువు విలువ తెలియని మనిషి అనుకున్నాను.

సోమవారం సాయంత్రానికి ఒక్క మాట మిగిలింది. అన్నిటికంటే గట్టిగా, వేలు పెట్టి చూపించి మరీ జేయీ గారు చెప్పిన మాట. దాన్ని చిన్న ముక్క మీద రాయడానికి మనసొప్పలేదు. నిండు క్యాలెండరు కాగితాలు తీసుకుని, వాటి మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, బీరువాకు అడుగున ఒకటి, పైన ఒకటి అంటించాను. అక్కడ రేకుకు అడ్డంగా సన్నని సందులు వరసగా ఉంటాయి, అచ్చం కాపీ పుస్తకంలో గీతల్లాగా. వాటి వెంబడే అంటించాను కాబట్టి కాగితం ఎక్కడా వంకర పోలేదు. దూరంగా నిలబడి చూసుకుని, ఆ రాత్రి అన్నం మారు పెట్టించుకుని తిన్నాను.

మంగళవారం బజరు మోగగానే నా కాగితం చెప్పినట్టే నల్ల బొత్తాం నొక్కాను. పసుపు దీపం. దాని పక్కన 'వేడి' అని నేను అంటించిన చీటీ. ఆత్మకూరుకు ఫోను చేస్తే జేయీ గారి భార్య ఎత్తింది. "ఆయన పెద్దసారు జీపులో మీ ఉదయగిరికే బయల్దేరినాడయ్యా. అన్నం కూడా సరిగా తిన్లా" అంది.

అప్పుడే మా బామ్మర్ది నీడపట్టున కాసేపు కూర్చుందామని వచ్చాడు. చెక్క గరిటెలు చెక్కడం వాడి పని. బీరువా మీద చెయ్యి వేసి చూసి, "బావా, దీనికి జ్వరం వచ్చుండాది" అన్నాడు.

"ఏం చేద్దాంరా?"

"మా ఎనుముకు వడదెబ్బ తగిలితే తడి గోతాం కప్పినాం. తేరుకునింది."

"ఇది ఎనుమా?"

"ఎనుముకంటే నయమే గదా, తన్నదు."

"లోపల చెయ్యి పెట్టి చూడు, తన్నతాదో లేదో తెలస్తాది."

బీరువా మీద కప్పడానికి భయమేసి, తడి గోతాలు కిటికీలకూ వాకిలికీ వేలాడదీశాం. పక్కింట్లో రెండు చేటలు అడిగి తెచ్చి, వాడొక పక్క నేనొక పక్క బీరువాకు విసరడం మొదలుపెట్టాం. బజరు మళ్లీ మోగింది, మళ్లీ నొక్కాను. మా ఆవిడ సంగటి తెచ్చి, మా అవస్థ చూసి, క్యారియరు కింద పెట్టి తనూ కొంగుతో విసరసాగింది. మేం ఎంత విసిరినా నా పెద్ద కాగితాలు రెపరెపలాడనైనా లేదు. గంజి అంత బాగా పట్టింది.

"ఇంత పెద్దగా ఏం రాసినావు బావా?" అన్నాడు చదువురాని మా బామ్మర్ది, చెమట తుడుచుకుంటూ.

"ముఖ్యమైన మాట. చెప్పినా నీకు అర్థం కాదు. నువ్వు విసురు."

ఎరుపు వెలిగింది. బయట జీపు ఆగింది.

పెద్దసారు బూట్లు విప్పి, తడి గోతాం పక్కకు తప్పించుకుని లోపలికి వచ్చారు. మమ్మల్నీ చేటల్నీ చూసి, "ఏంది ఇది, వడ్లు తూర్పారపడతా ఉండారా?" అన్నారు. వెనకున్న జేయీ గారి ముఖంలో నెత్తురు లేదు. నేను చేట చంకన పెట్టుకుని నిటారుగా నిలబడ్డాను.

"వేడి సార్. పసుపు రెండున్నరకు వచ్చినాది. ఎరుపు ఇప్పుడే. బొత్తాం నొక్కతానే ఉండాను సార్."

ఆయన బీరువా దగ్గరికి పోయి, వంగి, అడుగునున్న నా కాగితాన్ని పైకే చదివారు. 'ఇవి గాలి పోవు సందులు. వీటికి ఏదియు అడ్డము పెట్టరాదు.' లేచి నిలబడి పైదీ చదివారు. అదే మాట.

"రాసిందెవరు?"

సోమవారం నుంచి నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. "నేనే సార్" అన్నాను, ఛాతీ కొంచెం ముందుకు పెట్టి. (అప్పటికీ నాకు అర్థం కాలేదు.)

"అడ్డం పెట్టింది?"

నాకంటే ముందు మా ఆవిడకు తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం రాసినావని అడిగితే చెప్పకపోతివే బావా" అని మా బామ్మర్ది గొణిగాడు.

ఇక చూడండి, నేను గోళ్లతోనూ, బామ్మర్ది ఉలితోనూ, ఇస్త్రీ చొక్కా వేసుకున్న జేయీ గారు మోకాళ్ల మీద కూర్చుని తాళంచెవితోనూ నా చదువును గీకడం. గీకేకొద్దీ సందుల్లోంచి వేడి ముఖానికి కొట్టింది. చాలాసేపటికి ఎరుపు పోయి పసుపు, ఇంకాసేపటికి పసుపు పోయి పచ్చ. అంతసేపూ పెద్దసారు 'కుర్చీ' అని రాసిన కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. ఇంత నవ్వినాయన నన్ను వదిలేస్తాడనే అనుకున్నాను.

ఆయన లేచి జేయీ గారితో, "రేపటి నుంచి ఇతను మర్రిపాడు లైనుకే పోతాడు" అన్నారు. వాకిలి దాకా పోయి ఆగారు. "పోయే ముందు ఆ మాట గోడ మీద రంగుతో రాయించండి. ఇతని చేతనే. బీరువా జోలికి మాత్రం పోనియ్యొద్దు. అక్షరాలు బాగుండాయి."

"ఫ్యాను కింద కూర్చోబెడితే గాలినే మూసేస్తివే" అంది మా ఆవిడ. ఆ మాట ఇప్పటికీ అంటుంది. మర్నాడు తెల్లవారే మర్రిపాడు బస్సెక్కాను. ఆ కుర్చీ మళ్లీ నాకు దక్కడానికి ఇంకొన్ని ఎండాకాలాలు గడిచిపోయాయి.

ఆ మధ్యాహ్నం అక్కడ ఉన్నది నెల్లూరు పెద్దసారు, ఆత్మకూరు జేయీ గారు, కిటికీ గోతాం ఎత్తి చూసి నవ్విన జీపు డ్రైవరు, రెండు చేటలూ తిరిగి ఇచ్చిరావడానికి మొహం చెల్లక తచ్చాడుతున్న మా బామ్మర్ది, సంగటి చల్లారిపోతోందని విసుక్కుంటున్న మా ఆవిడ. ఇంకా, మోచేతి దాకా నీలం రంగు పూసుకుని, గడ్డపార సంగతీ మర్రిపాడు సంగతీ మరిచిపోయి, 'సందులు'లో సున్న గుండ్రంగా వచ్చిందా లేదా అని వెనక్కి జరిగి జరిగి చూసుకుంటున్న నేను.