మరొక్కసారి పల్లవి

మా సంఘంలో పాట మొదలుపెట్టడం ఎవరి వల్లనైనా అవుతుంది. ఆపడం మాత్రం పరంజ్యోతి గారొక్కరి చేతిలోనే ఉంది, ఆయన ఆపరు. చివరి చరణం అయిపోతుంది. తబలా వాయించే నేను ఆఖరి దెబ్బ వేసి చేతులు తుడుచుకుంటాను. కీబోర్డు దగ్గరున్న రవళి నీళ్ల సీసా మూత తిప్పుతుంది. అప్పుడాయన కళ్లు సగం మూసి, కుడిచెయ్యి పైకెత్తి, "మరొక్కసారి" అంటారు. పల్లవి మళ్లీ మొదలు. ఆ మాటలో 'ఒక్క' అన్నది అందం కోసం పెట్టింది, లెక్క కోసం కాదు.

ఆయన పాశమైలారంలో బోల్టులు చేసే ఫ్యాక్టరీలో ప్రెస్సు ఆపరేటరు. సొంతూరు కొండాపూర్ మండలంలో. ఇరవయ్యేళ్ల కింద ఇటొచ్చి చిట్కుల్‌లో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. పక్కనే రేకుల షెడ్డులో అప్పుడే మొదలైన మా చర్చికి పాటల నాయకుడయ్యారు. జీతం లేని పని కాబట్టి పోటీ రాలేదు. సరిగమలు ఆయనకు రావు. శ్రుతి గురించి తెలిసిన మాటలు రెండే: "జెర పైకి", "జెర కిందికి". రవళి ఏదో బటన్ నొక్కుతుంది, బండి నడిచిపోతుంది. గొంతు మాత్రం గొప్పది, అబద్ధమాడకూడదు. ప్రెస్సు చప్పుడు మీద అరిచి అరిచి తేలిన గొంతు. మైకు చెడిపోయిన రోజున కూడా మాకు తేడా తెలియలేదు.

ఏడాది పొడుగునా ఆయన కింద మేం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగిస్తారు, మాటకూ మాటకూ మధ్య ఒక పాట. ఎండాకాలం, నెత్తిన రేకులు, పైగా ఉపవాసం. ఐదో మాట దాహం గురించి. అక్కడికొచ్చేసరికి దాన్ని వివరించాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. సరిగ్గా అప్పుడే ఆయన చెయ్యి పైకి లేస్తుంది.

నవంబరులో కోత పండుగ. మా సంఘంలో పొలం కోసేవాడు ఒక్కడూ లేడు. అయినా దేవుడికి మొదటి పంట ఇవ్వాలి గనక ఎవరి కంపెనీలో ఏది పండితే అది తెస్తారు. సబ్బుల పెట్టె, ప్లాస్టిక్ బకెట్లు, బిస్కెట్లు, ఒకాయనైతే రెండు పైపులు. వాటి ముందు వరుసగా నిలబడి మేం వరికంకుల పాట పాడతాం. ఆ పైపులను చూస్తూ అదే పల్లవి మళ్లీ మళ్లీ పాడాలంటే మాటలా?

డిసెంబరులో ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు. బషీర్ అని, ఇస్నాపూర్ చౌరస్తాలో ట్రాలీ ఆటో నడిపే మనిషి. స్పీకర్లు, మేము, మా చలి అంతా ఆయన బండిలోనే. అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లలో మా వాళ్లది ఒక్కటే ఫ్లాటు. వాచ్‌మన్ పైకి పోనివ్వడు, కింద కార్ల మధ్య పాడుకోమంటాడు. ఒకసారి పాట అయిపోయిందనుకుని మేం బండెక్కేశాం. బషీర్ తాళంచెవి తిప్పలేదు.

"ఏంది భాయ్, పోదాం పా," అన్నాను.

"పరంజ్యోతి భాయ్ ఇంక మరొక్కసారి అనలే గద. గప్పుడే ఎట్ల పోతం?" అన్నాడు. అన్నట్టే అయింది, దిగి మళ్లీ పాడాం.

ఆయనకు అసలైన ప్రతిపక్షం ఇంట్లోనే ఉంది. భార్య సలోమమ్మ ఆడవాళ్ల వైపు మొదటి చాప మీద కూర్చుని, పల్లవి రెండోసారి తిరగ్గానే కొంగు చాటున చెయ్యి ఊపేది, ఇక చాలని. చర్చి బయట అందరి ముందే దులిపేసేది. "నీ దేవునికి ఒక్కసారి చెప్తె ఇనవడదా? పొయ్యి మీద పప్పు పెట్టొచ్చిన. గిప్పుడు బొగ్గయి ఉంటది." పరంజ్యోతి గారు నవ్వేవారు. మాడిన పప్పు తినడం ఆయనకు బాగా అలవాటు.

పోయిన ఏడాది ఈస్టరు దాటాక కొత్త పాస్టరు వచ్చారు. శ్రావణ్‌కుమార్ అయ్యగారు. చిన్న వయసు, ఇస్త్రీ చొక్కా, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం. ఆయన ప్రసంగం గంటంబావు. పాటల వల్ల ఆరాధన ఆలస్యమవుతోందని ఆయనే కనిపెట్టారు. కోత పండుగ మరుసటి ఆదివారం పెద్దల్ని కూర్చోబెట్టి పరిష్కారం చెప్పారు. క్రిస్మస్ నుంచి ట్రాకులు. వాద్యాలన్నీ ముందే రికార్డు చేసి ఉంటాయి, పాడే గొంతులతో సహా. పెన్‌డ్రైవు పెడితే మొదలవుతుంది, నాలుగు నిమిషాలకు ఆగిపోతుంది. అందరం దాంతో కలిసి పాడాలి. నాయకుడు అక్కర్లేదు.

అందరం చేతులెత్తాం. నేనైతే రెండు చేతులూ ఎత్తినంత పని చేశాను. నాది జనరల్ షిఫ్టు, ఆదివారం సెలవు, ఇంటికెళ్లి కాళ్లు చాపుకోవడం తప్ప వేరే ఆశలు లేవు.

పరంజ్యోతి గారు కాసేపు చాప అంచు పీకుతూ కూర్చున్నారు. తర్వాత అన్నారు, "వారం పొడుగూత ప్రెస్సు కాడ చెవుల్ల దూది పెట్టుకుని ఉంట అయ్యగారూ. ఆదివారం ఒక్కపూట దూది తీస్త. గది గూడ గుంజుకుంటరా?"

"మీరూ పాడొచ్చు బ్రదర్, అందరితో పాటు కూర్చుని," అన్నారు అయ్యగారు. గడియారం చూసుకున్నారు.

ఆ డిసెంబరు ఇంటింటి పాటలకు ఆయన రాలేదు. స్పీకరే పాడింది, మేం వెంట నిలబడ్డాం. బషీర్ ప్రతి ఇంటి ముందూ బండి ఆపి, పాటయ్యాక కూడా కాసేపు ఊరికే కూర్చునేవాడు. తాళంచెవి ఎప్పుడు తిప్పాలో ఆయనకు అంతుపట్టలేదు.

క్రిస్మస్ ఉదయం వచ్చింది. షెడ్డు వెనక బిర్యానీ గుండిగ దమ్ములో ఉంది. అప్పుడు నాకు తెలిసిన శుభవార్త ఏమిటంటే, ట్రాకులో తబలా కూడా ఉంది. నాకంటే బాగా వాయించాడు, వాడెవడో. నా చోటు పోయింది కాబట్టి తొలిసారి వెనక, తలుపు దగ్గర కూర్చున్నాను. పరంజ్యోతి గారు మగవాళ్ల వైపు నాలుగో వరుసలో తల వంచుకుని ఉన్నారు. పెదవి కదపలేదు.

మొదటి పాట మొదలైంది. చివరి చరణంలో ఉండగా బయట కంపెనీ బస్సు ఆగింది. ప్రతి ఆదివారంలాగే రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మా సంఘం వాళ్లు. కాంట్రాక్టు వాళ్లకు పండుగ సెలవు లేదు, క్రీస్తు పుట్టిన సంగతి ఆ కంపెనీకి ఇంకా అందినట్టు లేదు. నీలం యూనిఫారాల్లో పరుగున వచ్చి, గుమ్మం దగ్గర ఒంటికాలి మీద నిలబడి బూట్ల తాళ్లు విప్పుకుంటున్నారు. ఇంతలో ట్రాకు ఆగింది.

మందుల ప్యాకింగులో చేసే మల్లవ్వ ఒక చెప్పు చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. "అప్పుడే అయిపాయెనా పాట?" అంది.

ఇరవయ్యేళ్లు నేను అటు ముందు, గోడ వారగా కూర్చున్నాను. సగం మూసిన ఆ కళ్లను భక్తి అనుకున్నాను. ఆ తెరిచిన సగం ఎటు చూసేదో ఇటు కూర్చుంటే గాని తెలియలేదు. ఈ తలుపు వైపు. వీళ్ల బూట్లు ఊడేదాకా, వీళ్లు లోపలికొచ్చి గొంతు కలిపేదాకా ఆయన పల్లవి తిప్పుతూ ఉండేవారు. ఒక్కనాడూ ఎవరికీ చెప్పలేదు. నాకు సిగ్గేసింది.

"ప్రార్థన చేసుకుందాం," అన్నారు అయ్యగారు చేతులు చాచి.

ఎవరో పల్లవి ఎత్తుకున్నారు. సన్నటి గొంతు, శ్రుతి కూడా కుదరలేదు. సలోమమ్మ. మెడ వెనక్కి తిప్పి తలుపు వైపు చూస్తూ పాడుతోంది. ఆ వెంటనే ఆడవాళ్లందరూ, తర్వాత మగవాళ్లు. ఇరవయ్యేళ్ల అలవాటు ఒక్క పెన్‌డ్రైవుతో పోతుందా? అయ్యగారి చేతులు చాచినవి చాచినట్టే ఉన్నాయి.

పల్లవి అయిపోయింది. సగం మందికి ఇంకా రెండో బూటు ఊడలేదు. పరంజ్యోతి గారు తలెత్తలేదు. సలోమమ్మ లేచి నిలబడింది.

"ఏందయ్యా గట్ల కూసున్నవ్? తలుపు కాడ మనుషులు నిలవడ్డరు, కనవడ్తలేదా? అను!"

ఆయన లేచారు. మైకు లేదు, తబలా లేదు. తలుపు వైపు చూశారు, ఈసారి రెండు కళ్లూ పూర్తిగా తెరిచి. చెయ్యెత్తారు.

"మరొక్కసారి," అన్నారు.

ఎన్నిసార్లు పాడామో నేను లెక్కపెట్టలేదు. మల్లవ్వ నా పక్కన చాప మీద కూర్చుని, యూనిఫారం అంచుతో మొహం తుడుచుకుంటూ గట్టిగా పాడింది. నేను నా తొడ మీదే దరువు వేశాను. ఆ పూట బిర్యానీ చల్లగా తిన్నాం. బాగుంది.