లీవుకు రావద్దని రాసిన వదిన

పోయిన నెల మా వదిన మనవరాలికి తోడుగా కోయంబత్తూరులో ఒక ఆసుపత్రికి పోయినాను. ఆ పిల్లకు అయిదో నెల. మొగుడు పట్టాళంలో సిపాయిగా ఉన్నాడు, ఎక్కడో మంచుకొండల దగ్గర. మా ఇంట్లో ఈ పట్టాళం ఉద్యోగం ఒక జబ్బులాగా తరం తప్పి తరం వస్తూ ఉంటుంది. నర్సు చేతిలో కాగితం పెట్టుకుని ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. చక్కెర ఉందా, బీపీ ఉందా, అమ్మమ్మకు గానీ అమ్మకు గానీ పసిబిడ్డలు పోయారా. మనవరాలు లేదని తల ఆడిస్తుంటే నేను అడ్డం పడి "ఇద్దరు" అన్నాను. ఆ పిల్ల నావైపు తిరిగి, "ఎవరవ్వా? ఎప్పుడు?" అంది. మీ అమ్మకు ముందర, అన్నాను. ముప్పై ఏళ్లు వచ్చిన పిల్లకు తన అమ్మ మూడో కాన్పు అని తెలీదు. రక్తపరీక్ష కాగితం వచ్చేదానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ బెంచీ మీద కూర్చుని చెప్పినదే ఇది. అప్పుడు తొందరలో చెప్పాను, ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను.

అప్పట్లో మేము ఆ ఊళ్లోనే నూలు మిల్లు లైనులో ఉండేవాళ్లం. లైనంటే ఎదురెదురుగా రెండు వరసల పెంకుటిళ్లు, ఇంటికొక గది, గది ముందర చిన్న తిన్నె, అందరికీ కలిపి ఒక కొళాయి. పొద్దున సంగు ఊదితే లేవడం, మళ్లీ ఊదితే తినడం, ఇంకోసారి ఊదితే ఇంటికి రావడం. మిల్లు కూతని మేము సంగనేవాళ్లం. గుడిలో శంఖానికీ దానికీ మాకు తేడా తెలిసేది కాదు, రెండిటికీ దండం పెట్టే ముసలివాళ్లు ఉండేవాళ్లు. మావాళ్లు తెలుగుదేశం నించి ఎన్ని తరాల కింద ఇటు వచ్చారో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. మేస్త్రి తిట్టేటప్పుడు మాత్రం రెండూ కలిసి వచ్చేవి. బళ్లో నేర్చింది అరవమే కాబట్టి మా ఇంట్లో ఉత్తరాలన్నీ తెలుగు మాటల్ని అరవ అక్షరాల్లో రాసేవాళ్లం. ఎనిమిదో క్లాసు దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే, అందుకని ఆ పని నాది. తెలుగు అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చినాయి.

మా అన్న నాకంటే అయిదేళ్లు పెద్ద. నాయన పోయాక మిల్లులో చోటు దొరక్క పట్టాళంలో చేరాడు. ఏడాదికి రెండు నెలలు లీవు. అట్లాంటి ఒక లీవులో మా అమ్మ వాడికి అన్నూరు పక్కనించి పెండ్లి చేసింది. పత్తి పండించే ఇంటి పిల్ల. పొడుగు మనిషి, నల్లటిది, నడిచిందంటే చీర కుచ్చిళ్లు టపటపా కొట్టుకునేవి. వచ్చిన నెలకే నాతో పాటు రీలింగులో చేరింది. రీలింగంటే కండె నూలు చిలపలుగా చుట్టే పని, ఎనిమిది గంటలూ నిలబడే ఉండాలి. అన్న తిరిగి పోయేనాటికి వదినకు నెల తప్పింది. అందరూ సంతోషపడ్డారు. లీవు వృథా పోలేదని లైనులో ఒక ముసలాయన అన్న మాటకు వదిన కూడా నవ్వింది.

ఎనిమిదో నెల దాకా నిలబడి చుట్టింది. ఒకనాటి మధ్యాహ్నం మిషను దగ్గరే నొప్పులు వచ్చినాయి. ఇంట్లోనే కాన్పు. ఆడపిల్ల, రెండు చేతుల్లో పెట్టుకుంటే ఇంకా చోటు మిగిలేది. మా అమ్మ తనకు తెలిసిన పద్ధతులన్నీ చేసింది. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయించింది, మూడు రోజులు చక్కెర నీళ్లు తాగించింది, ఆముదం నాకించింది. పదకొండో రోజు పిల్ల పోయింది. అన్నకు తంతి ఇచ్చాము. దానికంటే ముందు ఇచ్చిన తంతికి, పిల్ల పుట్టిందన్న దానికి, అన్న రాసిన జవాబు ఆ తరువాత వారానికి వచ్చి చేరింది. అందులో ఒక పేరు రాసి, ఇది పెట్టండి, పలకడానికి సుళువుగా ఉంటుంది అని ఉంది. వదిన నాచేత ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి చదవమంటే మడిచి పెట్టెలో పెట్టేశాను.

మళ్లీ లీవు, మళ్లీ నెల తప్పడం. ఈసారి మగబిడ్డ. అన్న ఆ లీవుకు వచ్చినప్పుడే, పుట్టబోయే బిడ్డకని పట్టాళం క్యాంటీను నించి పాలపొడి డబ్బాలు తెచ్చి పెట్టిపోయాడు. డబ్బా మీద బుగ్గలు ఉబ్బిన దొరబిడ్డ బొమ్మ ఉండేది. లైనులో ఎవరింట్లోనూ లేని వస్తువది, మా అమ్మ దాన్ని దేవుడి పటం పక్కన పెట్టింది. వదిన నలభై రోజులకే మిల్లుకు తిరిగి వచ్చింది, లేకపోతే పేరు కొట్టేస్తారు. పగలంతా బిడ్డకు డబ్బా పాలే. డబ్బా ఎక్కువ రోజులు రావాలని మా అమ్మ పొడి తక్కువా నీళ్లు ఎక్కువా కలిపేది. ఆ నీళ్లు కొళాయివి, కుండలోవి, అందరం గ్లాసు ముంచుకునే కుండ. చిత్తిరై నెల ఎండల్లో బిడ్డకు భేదులు పట్టుకున్నాయి. నాలుగు రోజుల్లో కళ్లు లోపలికి పోయినాయి. నాలుగు నెలల బిడ్డ, నవ్వడం నేర్చినవాడు. నన్ను చూస్తే కాళ్లు కొట్టేవాడు. ఆ ఏడు సరిహద్దులో ఏదో గడబిడని అన్న లీవు కొన్ని నెలలు వెనక్కి జరిగింది, వాడు కొడుకుని చూడనే లేదు.

చావింటికి వచ్చిన ఆడవాళ్లు వదిన తలరాత అన్నారు. మా అమ్మ ఇంకొక అడుగు ముందుకు పోయి, "దీని పాలు విషం. దీని కాలు మంచిది కాదు" అంది. వదిన అంతదాకా గోడకు ఆనుకుని ఉన్నది లేచి నిలబడింది.

"నా పాలు విషమా? వాడు తాగింది నా పాలు కాదు గదా అత్తా. నా పాలు రవికలో ఇంకిపోయినాయి. వాడు తాగింది ఏమిటో, నా బిడ్డలు ఎందుకు పోయారో నేను కనుక్కుంటాను. అందాక తలరాత అనే మాట ఈ ఇంట్లో ఎవరూ అనకూడదు."

అంతమందిలో కోడలు అట్లా మాట్లాడటం మా లైనులో అదే మొదలు. వచ్చినవాళ్లు కాఫీ తాగకుండానే పోయారు.

పదహారు రోజులైనాక నన్ను తోడు తీసుకుని పెద్దాసుపత్రికి పోయింది. అక్కడ ఒక డాక్టరమ్మ, ముక్కు మీద కళ్లద్దాలు, నోరు మా మేస్త్రి కంటే పెద్దది. జబ్బు ఏమిటని అడిగితే వదిన, "జబ్బు లేదు. ఇద్దరు బిడ్డలు పోయారు. ఎందుకో చెప్పండి" అంది. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి అడిగింది. బిడ్డకీ బిడ్డకీ మధ్య ఎంత ఎడం, ఎన్ని గంటలు నిలబడతావు, ఏమి తింటావు, ఏమి తాగించారు, నీళ్లు కాచారా. కాచలేదు, మావి సిరువాణి నీళ్లమ్మా అని నేను గర్వంగా అన్నాను. సిరువాణి ఏటి నీళ్లంటే మా ఊరివాళ్లకు అంత పొగరు. "అమృతమైనా సరే, కాచాల్సిందే" అని కసిరింది. ఆ తరువాత గొంతు తగ్గించి చెప్పింది. "పట్టాళం వాళ్ల పెండ్లాలు నా దగ్గరికి చాలామంది వస్తారమ్మా. ఏడాదికొక లీవు, లీవుకొక బిడ్డ. ఒక బిడ్డకు ఇచ్చిన రక్తం మళ్లీ ఊరకముందే ఇంకొకటి. చూసుకునే మొగుడు పక్కన ఉండడు, అడిగే నోరు ఉండదు. రెండేళ్లు ఆగు. బాగా తిను. ఏడో నెల తరువాత నిలబడొద్దు. ముర్రుపాలు పారబోయొద్దు. పాల సీసా ముట్టొద్దు."

 బస్సు దిగినాక వదిన, అన్నకు ఉత్తరం రాయమంది. ఆమె చెప్పింది, నేను రాశాను. "నేను బాగున్నాను. నువ్వు ఈ ఏడు లీవుకు రావద్దు. పై ఏడూ రావద్దు. వస్తే తిన్నె మీద పడుకోవాల. నేను ఇంకొక బిడ్డను పూడ్చలేను." నా చెయ్యి ఆగింది. మొగుడికి ఇట్లా రాస్తారా వదినా అన్నాను. "ఆయన తుపాకీకే భయపడడు, ఉత్తరానికి భయపడతాడా? రాయి" అంది. పట్టాళంలో ఉత్తరాలు విప్పి చూసే ఆఫీసరు ఉంటాడని మాకు తెలుసు. ఆ ఆఫీసరుకు అరవం చదివే సిపాయి దొరికాడట, చదివాడట, ఒక్క ముక్క అర్థం కాలేదట. తెలుగు తెలిసిన ఇంకొకణ్ణి పిలిచారు, వాడికి అక్షరాలు రావు. చివరికి ఒకడు చదువుతుంటే ఇంకొకడు అర్థం చెప్పాడట. అంటే మా అన్న కంటే ముందే ఆ సంగతి బ్యారకంతా తెలిసింది. ఇది అన్న తరువాత చెప్పి చెప్పి నవ్వినాడు గానీ, అప్పుడు మాకు రెండు నెలలు జవాబే రాలేదు.

జవాబుకు బదులు మనిషే వచ్చాడు. ఒకనాటి పొద్దున ఇనప పెట్టె భుజం మీద పెట్టుకుని లైనులోకి నడిచి వచ్చాడు. మా అమ్మకు అప్పటికి ఉత్తరం సంగతి నేనే నోరు జారి చెప్పేసి ఉన్నాను. వాకిట్లోనే అందుకుంది, మొగుణ్ణి రావద్దనే ఆడది లోకంలో ఉండాదా, పుట్టింటికి పంపించెయ్యి అని. అన్న పెట్టె దించి, ఏమంటావన్నట్టు వదినవైపు చూశాడు. లైనులో ఆడామగా అందరూ తిన్నెల మీదకు వచ్చేసి ఉన్నారు. వదిన గడపలోనించి కదలకుండా డాక్టరమ్మ చెప్పినదంతా వరసగా చెప్పింది. ఎక్కడా గొంతు తగ్గించలేదు. చివర్న మాత్రం, "పుట్టింటికి పొమ్మంటే పోతాను. బిడ్డను మాత్రం నేను చెప్పినప్పుడే కంటాను" అంది.

అన్న పెట్టె మీద కూర్చున్నాడు. "మా బ్యారకులో బిడ్డ పుట్టిందని తంతి వస్తే నెల దాటందే మిఠాయి పంచరమ్మా" అన్నాడు మా అమ్మతో. "ఎందుకని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. ఇది అడిగింది." లేచి, పరుపుచుట్ట విప్పి తిన్నె మీద పరిచాడు.

రెండు నెలలూ అక్కడే పడుకున్నాడు. దారిన పోయేవాళ్లు ఏమప్పా కాపలానా అని నవ్వేవాళ్లు, అవునని చెప్పేవాడు. మరుసటి ఏడు లీవుకు వచ్చేటప్పుడు పట్టాళం దోమతెర కూడా తెచ్చుకున్నాడు. దాంతో నవ్వేవాళ్లకు నవ్వడానికి ఏమీ మిగల్లేదు. పగలు వాళ్లిద్దరూ తిన్నె మీద కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుచుకు తింటూ మాట్లాడుకునేవాళ్లు. పెండ్లయిన నాలుగో ఏట వాళ్లకు ఒకరి మాట ఒకరికి తెలిసింది.

ఆ పై లీవుకు నెల తప్పింది. ఏడో నెల నిండగానే వదిన మిల్లు మానేసింది. పేరు కొట్టేస్తానన్నాడు మేస్త్రి. "కొట్టెయ్యి. మళ్లా రాసేదీ నువ్వే" అని చెప్పి వచ్చింది. నెలలు నిండి, ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. చేతుల్లో పెడితే చేతులు నిండినాయి. మా అమ్మ ముర్రుపాల దగ్గర ఏదో అనబోతే వదిన బిడ్డను రొమ్ముకు ఆనించుకుని అటు తిరిగి పడుకుంది. మూడో నెల దాటినాక బిడ్డను చంకన వేసుకుని నాతో పాటు మిల్లు గేటుకు వచ్చింది. బిడ్డ లోపలికి రాకూడదని గేటువాడు ఆపాడు. మేస్త్రి వచ్చాడు, మేనేజరు వచ్చాడు. పని కావాలంటే బిడ్డను ఇంట్లో వదిలి రమ్మన్నారు.

వదిన మేనేజరు మొహం చూసి అంది, "సరి అయ్యా. నా చేతులు రెండూ లోపలికి పంపిస్తాను. రొమ్ములు రెండూ ఇక్కడ బిడ్డ దగ్గరే ఉంటాయి. అట్లా పనిచేసే ఆడది ఎక్కడైనా ఉంటే చూపించండి, నేను పోయి నేర్చుకుని వస్తాను." రీలింగు ఆడవాళ్లం నలభైమందిమి వెనక నిలబడి ఉన్నాము. మొదట ఎవరు నవ్వారో తెలీదు, ఆ నవ్వు గేటంతా పాకింది. ఆ నవ్వుకే మేనేజరు తల దించుకున్నాడు, మేము అరిచి ఉంటే దించుకునేవాడు కాదు. పిల్లల గదని బోర్డు తగిలించిన గది ఒకటి మిల్లులో ఎప్పటినించో ఉంది, అందులో వ్యర్థపు దూది బస్తాలు ఉండేవి. సంగు ఊదినా మేము ఎవరమూ లోపలికి పోలేదు. మధ్యాహ్నానికి బస్తాలు బయటికి వచ్చినాయి. సాయంత్రానికి దూలాలకు మూడు చీర ఉయ్యాలలు కట్టాము. ఆరు నెలల్లో అవి పదకొండు అయినాయి.

మళ్లీ చిత్తిరై వచ్చింది, బిడ్డకు భేదులు పట్టుకున్నాయి.  వదిన పాలు ఆపలేదు, ఉప్పు వేసిన గంజినీళ్లు చెంచాతో పోస్తూ బిడ్డను ఒళ్లోనించి దించలేదు. డాక్టరమ్మ దగ్గరికి రోజూ తీసుకుపోయాము. మూడో రోజు పొద్దున నేను లేచి చూస్తే మా అమ్మ పొయ్యి ముందర కూర్చుని ఉంది. పెద్ద గుండిగలో నీళ్లు తెర్లుతున్నాయి, మా అమ్మ కళ్లు కారుతున్నాయి. పొగ అనుకున్నాను. వదిన బిడ్డతో గడపలోకి వచ్చింది. మా అమ్మ తల ఎత్తకుండానే, "నేను నలుగుర్ని పోగొట్టుకుంటిని. నాకు ఎవరూ చెప్పలేదు గదే" అంది. అన్నకు ముందర ఇద్దరు, నాకూ అన్నకూ మధ్య ఇద్దరు. ఆ లెక్క నేను విన్నది ఆ పొద్దే. వదిన ఆమె పక్కన చతికిలబడి, బిడ్డను ఆమె ఒళ్లో పెట్టి, "తెలిసుంటే నువ్వు నాకంటే పెద్ద గొడవ చేసుందువు అత్తా" అంది. బిడ్డ మర్నాడు కోలుకుంది. మా అమ్మ బతికున్నంత కాలం కోడల్ని తిడుతూనే ఉంది, కానీ వేరే సంగతులకు.

ఇప్పుడు వాళ్లెవరూ లేరు. అన్న పోయాడు, మూడేళ్ల కింద వదిన పోయింది. మిల్లు మూసేసి లైను పడగొట్టి చాలా కాలమైంది. వదిన ఆ తరువాత ఒక కొడుకుని కూడా కనింది, వాడికీ ఆడపిల్లకీ మధ్య మూడేళ్ల ఎడం ఉంది, అదీ ఆమె చెప్పిన ఎడమే. నాకు ఎనభై దాటినాయి. వెనక్కి తిరిగి చూస్తే నా ఏళ్లలో కొన్ని మిల్లు తీసుకుంది, కొన్ని పెండ్లి తీసుకుంది, ఎక్కువ భాగం ఊరికే గడిచిపోయింది. అన్న తిన్నె మీద పడుకుంటే లైనంతా వృథా అని నవ్విన ఆ రెండేళ్లు మాత్రం గడిచిపోయినవి కావు, ఒక మనిషి గడపలో నిలబడి కాలాన్ని ఆగమంటే, అది ఆగి ఇచ్చినవి.