మూఢంలో దొరికిన పియానో

మూఢం మొదలైందంటే సిద్దిపేటలో ఫంక్షన్ హాళ్లన్నీ ఖాళీ. బట్టల దుకాణంలో పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. మూఢానికి ముందు జరిగిన చివరి రిసెప్షన్‌కు హైదరాబాద్ నుంచి ఒక గ్రాండ్ పియానో కిరాయికి వచ్చింది. దాన్ని వాయించినవాళ్ల కంటే ఆనుకుని ఫొటోలు దిగినవాళ్లే ఎక్కువ. పియానో ఓనరు అప్పటికే దాన్ని బెంగళూరు వాళ్లకు అమ్మేశాడట. నేను ఫోన్ చేసి, "పొద్దుగాల పంపే లారీని సాయంత్రం పంపుండ్రి సార్, పియానో ఏడికి పారిపోతది?" అన్నాను. ఒప్పుకున్నాడు. ఖాళీ హాలు కాబట్టి హాలు ఓనరూ సరేనన్నాడు. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

మేం చేయాల్సింది ఇది: పియానోలో ప్రతి మెట్టునూ మెల్లగా, ఓ మోస్తరుగా, గట్టిగా నొక్కి, మోత పూర్తిగా ఆరిపోయేదాకా రికార్డు చేయాలి. అవన్నీ కలిపి సాఫ్ట్‌వేర్‌గా మారిస్తే, పియానో కొనలేనివాళ్లు కూడా చిన్న కీబోర్డు మీద అదే పియానో వాయించుకోవచ్చు. సంగీతం పాఠాలు చెప్పే మా చెల్లి మెట్లు నొక్కుతుంది, నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటాను. ఒక్క మెట్టు మిగిలిపోయినా ఇంకో పియానోతో పూరించలేం, గొంతు కలవదు. ఇది ఇవాళ దాటితే బెంగళూరే.

తీరా మొదలుపెట్టాక కింద భోజనాల హాల్లో టైల్స్ కోసే మిషన్ గీపెట్టింది. పెళ్లిళ్లు లేనప్పుడే కదా ఎవరైనా హాలు మరమ్మతులు పెట్టుకునేది! నా తెలివి అంతదాకా పోలేదు. కిందికి పరుగెత్తాను.

మేస్త్రీ పైకి వచ్చి కాసేపు చూశాడు. "ఒక్క మెట్టు ఒత్తుడు, చెవులు రిక్కించి కూసునుడు. గిదేం కచేరి బిడ్డా?"

"కచేరి కాదు మామా, పియానోను కంప్యూటర్ల నింపుతున్నం. జర మిషన్ ఆపరాదూ?"

"ఆపితే నా పని నువ్వు జేస్తవా?"

చివరికి, మోత ఆరగానే నేను పైనుంచి "కొయ్యి మామా" అని అరవాలని, మళ్లీ కిందికి కనబడేలా వంగి చెయ్యి ఊపితే ఆయన ఆపాలని కుదిరింది. కుడివైపు సన్న గొంతు మెట్లు తొందరగా ఆరిపోతాయి, ముందు అవి తేల్చేద్దామన్నాను. సులువుగా పోయే సరుకు ముందు అమ్ముకునే బుద్ధి! ఎడమవైపు బొంగురు మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఒక్కోదాని మోత ఎంతకీ ఆరదు. చప్పుడవుతుందని ఏసీ కూడా ఆపేశాం. చెమట కారుతోంది, కిటికీలో ఎండ వాలిపోతోంది. రోడ్డు మీద ఏ బండి ఆగినా లారీయేనేమోనని కిటికీలోంచి తొంగి చూస్తున్నాను.

ఇంకా నాలుగు మెట్లున్నాయనగా లారీ వచ్చింది. డ్రైవరు తలుపు దగ్గర నిలబడేసరికి, అంతకుముందు నొక్కిన మెట్టు మోత ఇంకా ఆరుతూనే ఉంది. నోరు తెరిస్తే అది పోతుంది. ఆయన గడియారం చూపించాడు. నేను పియానో ఎడమ కొస చూపించి, భుజం మీది తువ్వాలు తీసి ఆయన చేతి మీద కప్పాను. పశువుల అంగట్లో బేరగాళ్లు అట్లాగే తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని, పక్కవాడికి తెలియకుండా ధర తేల్చుకుంటారు. మిగిలిన మెట్లకు లెక్కగా నాలుగు వేళ్లు పట్టుకున్నాను. ఆయన నవ్వి, ఒకటి విడిపించుకుని, మూడింటిని గట్టిగా నొక్కాడు. బేరం తెగింది.

మోత ఆరాక చెల్లి నా మీద పడింది. "ఎవడన్న ఉన్నన్ని చెప్తడా అన్నా? ఆరు అడగకపోయినవా? దుకాణంల గిదేనా నేర్సుకున్నది?"

నిజమే. అసలు ధర మొదటే చెప్పిన దుకాణదారుణ్ణి మా బజారులో నేనెప్పుడూ చూడలేదు. భయంలో ఆ పని నేనే చేశాను.

"అన్నా, ఇంకొక్కటి," అన్నాను డ్రైవరుతో.

"బేరం తెగినంక మల్లేంది సేటూ?"

మూడు మెట్లు ముగించాం. ఎడమ చిట్టచివరిది మిగిలిపోయింది. దాని పక్క మెట్టు మోతనే కంప్యూటర్లో కిందికి సాగదీసి అక్కడ పెట్టాం. ఎవరూ కనిపెట్టలేరని చెల్లి అంటుంది. ఎవరైనా కొత్తవాళ్లు వాయిస్తుంటే మాత్రం నేను పాట వినను, వాళ్ల ఎడమ చేతినే చూస్తుంటాను.