బొంజుబాబు వేసిన తాళం, నేను తీయించినది

సుధా, నిన్న నువ్వు పెట్టిన పోస్టులో ఒక తప్పుంది.

బొంజుబాబు "ప్రింటర్లు బాగుచేసే అంకుల్" కాదు. మా కాలేజీ సర్వర్‌నీ, నెట్‌వర్క్‌నీ ఏడేళ్ళు ఒక్కడే కాపాడిన మనిషి. నా మనవరాలివి కాబట్టి అందరి ముందే దిద్దుతున్నాను.

నిన్న పొద్దున్నే పెదబయలు నుంచి, బొంజు పోయాడని ఫోన్ వచ్చింది. నాలుగు రోజుల జ్వరమట, మెదడుకెక్కిన మలేరియా. ముప్ఫై ఆరేళ్ళు.

ఫోన్ పెట్టేశాక కాఫీలో పంచదార రెండుసార్లు వేశాను. తాగేదాకా తెలియలేదు.

నన్ను ఎరగనివాళ్ళకు: నేను అరకులో ఒక కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరయ్యాను. ఈ పోస్టు నేనే టైపు చేస్తున్నాను. తప్పులుంటే అవీ నావే.

బొంజు పనిలో చేరినప్పుడు మా కొండ మీదికి ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజులవి. ఒక సర్వర్, ఒక రౌటర్, డజను కంప్యూటర్లు. అవన్నీ బతికున్నాయో లేదో ఐదు నిమిషాలకోసారి కనుక్కునే ఏర్పాటు ఒకటుంది. దాన్ని ఎస్ఎన్ఎంపీ అంటారు. నాకూ బొంజే నేర్పాడు.

"ఎవులైనా వచ్చి అడిగితే రౌటర్ జవాబు సెప్పేత్తదండి. అడిగినోడికి ఒక మాట తెలిస్తే సాలు."

ఆ మాట ఫ్యాక్టరీలోనే పెట్టి పంపిస్తారు. చూడడానికి "పబ్లిక్", మార్చడానికి "ప్రైవేట్". లోకంలో పెట్టెలన్నిటికీ దాదాపు ఇవే మాటలు. పైగా ఆ మాట వైరులో అంటించని కవరులా వెళ్తుంది, దారిలో ఎవరైనా చదవచ్చు.

బొంజు మొదటి వారంలోనే ఆ రెండూ తీసేశాడు. ఆ ఎస్ఎన్ఎంపీలోనే గట్టిదైన మూడో వెర్షన్ పెట్టాడు. దాంట్లో యూజర్ పేరుంటుంది, పాస్‌వర్డ్ ఉంటుంది, వెళ్ళే సమాచారమంతా కోడులో వెళ్తుంది. తన బల్ల మీది కంప్యూటర్ అడిగితేనే జవాబు. బయటినుంచి మార్చే వీలు అసలే లేదు.

ఎవరూ చెప్పలేదు. మాన్యువల్ చదువుకుని చేశాడు. మా లెక్చరర్లలో మాన్యువల్ తెరిచినవాడు నాకు తెలిసి లేడు.

తర్వాత ఇన్‌స్పెక్షన్ వచ్చింది.

లైబ్రరీ కంప్యూటర్లో నెట్‌వర్క్ గ్రాఫులు రంగురంగుల్లో కనబడాలని నా కోరిక. ఆ సాఫ్ట్‌వేర్ తెచ్చినాయన, అది పాత మాటలతోనే నడుస్తుందన్నాడు. బొంజును పిలిచి రెండు రోజులు పాతవే పెట్టమన్నాను.

"వద్దండి మేడమ్ గారూ. రెండ్రోజులకని తీసిన తాళం ఎవులూ మళ్ళీ ఎయ్యరండి."

నా నోరు మీకు తెలుసు. "మీ ఊళ్ళో ఇళ్ళకు తాళాలే ఉండవు కదయ్యా, గుమ్మానికి అడ్డంగా కర్ర పెట్టి పొలానికి పోతారు. ఇక్కడేం దొంగలు పడ్డారు?" అన్నాను.

అతను నవ్వలేదు.

"ఆ కర్ర ఏటో మా ఊరోళ్ళందరికీ తెలుసండి. ఈ వైరు సివర ఎవులున్నారో మనకి తెల్దు కదండీ."

అయినా నా మాట మీద ఆ తాళం తీసి పాత మాటలే పెట్టాడు. ఇన్‌స్పెక్షన్ బ్రహ్మాండంగా జరిగింది. మర్నాడే అతన్ని నేనే డుంబ్రిగుడ స్కూలు పనికి పంపేశాను. తీసింది తీసినట్టే ఉంది.

పదో రోజున ఎవరో లైబ్రరీ వైరుకు లాప్‌టాప్ తగిలించి, ఆ "ప్రైవేట్" అన్న మాటతో రౌటర్ లింకు ఆపేశారు. ఎవరో ఈరోజుకీ తెలియదు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఆన్‌లైన్లో పంపడానికి అదే ఆఖరి రోజు. పద్దెనిమిది మంది పిల్లలవి ఆగిపోయాయి.

బొంజు వానలో డుంబ్రిగుడ నుంచి వచ్చి, రౌటర్‌కే నేరుగా కేబుల్ పెట్టి గంటలో లింకు తెచ్చాడు. అప్పటికే గడువు దాటిపోయింది. కాగితాలన్నీ ప్రింటు తీసి, మర్నాడు రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి, ఆ ఆఫీసు బెంచీ మీద రెండు రోజులు కూర్చున్నాడు. పద్దెనిమిదీ తీసుకునేదాకా లేవలేదు.

వచ్చేసరికి కాలేజీ కమిటీ అతనికి మెమో సిద్ధం చేసింది. భద్రతా సెట్టింగులు నిర్లక్ష్యంగా మార్చినందుకు.

సంతకం నాది.

కమిటీ ముందు నేను నోరెత్తలేదు. రిటైర్మెంట్ దగ్గర్లో ఉంది, ఇన్‌స్పెక్షన్‌లో మంచి పేరొచ్చింది. నా ఆర్డరు నోటిమాటే కాబట్టి కాగితం మీద ఎక్కడా లేదు. అతను కూడా నా పేరెత్తలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"మీరు సెప్పేరు గానండి, తీసింది నాను కదండీ" అన్నాడు. అని వెళ్ళి మూడో వెర్షన్ మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ మెమో వల్ల పర్మనెంట్ లిస్టులో అతని పేరు రాలేదు. పోయిన వారం దాకా కాంట్రాక్టు మీదే చేశాడు. నేను పెన్షన్ తీసుకుంటున్నాను.

అతను మంచివాడని ఇప్పుడు అందరూ రాస్తున్నారు. నేను కొత్తగా చెప్పగలిగింది ఒక్కటే. ఆ తప్పు అతనిది కాదు, నాది. ఐదేళ్ళు ఆలస్యంగా చెబుతున్నాను.

వెళ్ళు నాయనా బొంజూ. మెమోలూ ప్రిన్సిపాళ్ళూ లేని చోట నీ మనసుకు శాంతి దొరకాలి.

సుధా, తాళం తీయించింది నేనేనని రాసి సంతకం చేసిన ఉత్తరం మూడు కాపీలు నా బల్ల మీద ఉన్నాయి. రేపు పదిన్నరకు కాలేజీ ఆఫీసులో ఒకటిచ్చి, అతని ఫైల్లో మెమో పక్కనే పెట్టమని చెప్పు. రెండోదాని మీద అందినట్టు స్టాంపు వేయించుకో. మేడమ్ రిటైరయ్యారు కదా అని నసిగితే, రిటైరయినవాళ్ళ ఉత్తరాలకూ స్టాంపు పడుతుందని చెప్పి అక్కడే నిలబడు.

మూడోది పెదబయలు తీసుకెళ్ళి అతని భార్య చిన్నాలమ్మకు చదివి వినిపించు. ఆమె నన్ను ఏమన్నా అంటే అడ్డుపడకు. అన్నది అన్నట్టు వచ్చి నాకు చెప్పు.