పలకరించకుండా పరిగెత్తిన రోజు

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను పరిశోధన విద్యార్థినినని గొప్పగా చెప్పుకు తిరుగుతుంటే, మా కోనసీమలో నేనేం చదువుతున్నానో ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. (నిజం చెప్పాలంటే నాకూ అంతంత మాత్రమే.) రొమ్ము క్యాన్సర్ గడ్డలో ఏ జన్యువులు ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయో చూడడం మా పని. చిక్కేమిటంటే, గడ్డను కోసి తీశాక ఆలస్యమయ్యేకొద్దీ నెత్తురందని కణాలు గాభరా పడిపోయి, అంతదాకా ఊరుకున్న జన్యువులను కూడా లేపేస్తాయి. అప్పుడు మనకు కనిపిస్తున్నది జబ్బో, గాభరాయో తెలిసి చావదు. అందుకని ఆపరేషన్‌కు ముందు సూదితో ఒక ముక్క, కోసిన వెంటనే మరో ముక్క తీసి, చటుక్కున గడ్డకట్టించి, రెండింటినీ పోల్చి చూడాలి.

సరిగ్గా అప్పుడే మా మురమళ్ళ మేనత్తకు ఆ జబ్బేనని తేలింది. ఇంటిల్లిపాదీ కుదేలైపోయాం. ఆవిడ మాత్రం, "ఎలాగూ తీసి పారేసేదే కదే, నీ చదువుకి పనికొస్తే పట్టుకుపో. పాడు చేసేవంటే మటుకు ఊరుకోను," అంది. నాకు ఏడుపాగలేదు.

అమలాపురంలో ఆపరేషన్. ముక్కను గడ్డకట్టించే ద్రవ నత్రజని ఆ చుట్టుపక్కల పశువుల ఆసుపత్రిలో తప్ప దొరకలేదు. వాళ్ళిచ్చిన డబ్బాను వరండా చివరి గదిలో పెడుతుంటే మావయ్య చూసి, "ఇది మన గేదెల డాక్టరుగారి డబ్బా కదే! మీ అత్తయ్యకెందుకే?" అని హడలిపోయారు.

నర్సమ్మ ముక్క చేతికివ్వగానే అందుకున్నాను పరుగు. వరండా నిండా మా చుట్టాలే. "ఏమ్మా, ఎలా ఉందమ్మా?" "అయిపోయిందా అమ్మాయ్?" ఎదురుపడ్డ పెద్దవాళ్ళకు బదులు చెప్పకుండా పోవడం మా వైపు పుట్టి బుద్ధెరిగిన వాళ్ళెవరూ చేయరు. నేను చేశాను. తల వంచుకుని ఒకటే ఉరుకు! ముక్కను నత్రజనిలో వేసి, హమ్మయ్య అనుకుని బయటికొస్తే, వరండా అంతా ఘొల్లుమంటోంది. మావయ్య గోడకు చేరగిలబడి, "నన్నొదిలేసి వెళ్ళిపోయేవటే!" అని ఏడుస్తున్నారు. అయ్యో, నేను ఆ గదిలో ఉన్న కాసేపట్లోనే అత్తయ్యకేదో అయిపోయిందనుకుని నేనూ అందుకున్నాను, అందరికంటే గట్టిగా. నన్ను చూశాక వాళ్ళకున్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఎవరికేమైందండీ? ఆవిడ నిక్షేపంలా ఉంటేనూ!"

"మరి ఈ పిల్ల పలక్కుండా పారిపోయిందండీ!" అన్నారు మావయ్య, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ.

తెలివొచ్చాక సంగతంతా విని, కుట్లు లాగుతున్నాయి మొర్రో అంటూనే అత్తయ్య తెగ నవ్వింది. "ముక్క గాభరా పడకుండా కాపాడేవు, బానే ఉంది. మీ మావయ్య గాభరా ఎవరు చూస్తారే?"

ఇప్పుడు నా దగ్గర పిల్లలు పరిశోధన చేస్తున్నారు. ముక్క పట్టుకుని పరిగెత్తేటప్పుడు "బాగానే ఉన్నారండీ" అని అరుస్తూ పరిగెత్తమని నేర్పుతుంటాను. (చాదస్తం అనుకుంటారు కాబోలు.) అత్తయ్య ఏటా పరీక్షలు చేయించుకుని ఫోన్ చేస్తుంది. హలో అనదు, ఏమే అనదు. "బానే ఉన్నానే," అంటుంది ముందు. పలకరింపులన్నీ ఆ తరవాతే. ఇంత వయసొచ్చి, జుట్టు నెరిసి, ఇంతమందికి పాఠాలు చెబుతున్నానా, ఆ ఒక్క మాట వినేదాకా ఫోన్ పట్టుకుని ఉండేది మాత్రం ఆ వరండాలో అందరికంటే గట్టిగా ఏడ్చిన పిల్లే.